ఫొటోకు కాగితం: ముప్పై ఏళ్ల వాదం ఎక్కడిదాకా వచ్చింది

ఫొటో ప్రింటు అందమూ ఆయుష్షూ కాగితంతో ముడిపడి ఉన్నాయని ఒప్పుకోని ఫొటోగ్రాఫరు ఉండడు. ఏ కాగితం అన్న దగ్గరే మాట కలవదు. మెరుపు లేని మ్యాటే మేలని ఒకరంటే, నలుపు లోతు చూడాలంటే బరైటాయే గతి అని ఇంకొకరు. కాగితం మిరుమిట్లు గొలిపేంత తెల్లగా ఉండాలని ఒక పక్షం, ఆ తెలుపే రేపు ప్రింటు కొంప ముంచుతుందని మరో పక్షం. పత్తితో చేసిందే అసలు కాగితమని కొందరు, శుద్ధి చేసిన కలప గుజ్జు దానికేమీ తీసిపోదని కొందరు. ఇవి చాలవన్నట్టు పెట్టెల మీద ‘ఆర్కైవల్’, ‘మ్యూజియం’, ‘వందేళ్ల మన్నిక’ అన్న మాటలు. కొత్తగా పెద్ద ప్రింటు తీయించబోయేవారు నమూనాల పుస్తకం తిరగేసి, చివరికి చేతికి మందంగా తగిలినదాన్ని ఎంచుకుని వస్తున్నారు.

ఈ చిక్కంతా నాలుగు వేర్వేరు ప్రశ్నలను కలగలిపి ఒకే ప్రశ్నగా అడగడం వల్ల వచ్చింది. కాగితం పైతలం ఎలా ఉండాలి? దాని తెలుపు ఎక్కడి నుంచి రావాలి? లోపలి పీచు ఏదై ఉండాలి? ప్రింటు ఎన్నాళ్లు నిలవాలి? ఒకదానికి దొరికిన జవాబు రెండోదానికి చెల్లదు. పత్తి కాగితమైనంత మాత్రాన రంగు వెలిసిపోకుండా ఉండదు; మ్యాట్ అయినంత మాత్రాన రసాయనపు తెలుపు లేకుండా పోదు. ముందు ఈ ముడులను విడదీయాలి.

## వాదం ఇంక్‌జెట్ కంటే పాతది

మ్యాటా, మెరుపా అన్న తగువు కంప్యూటరుతో మొదలైంది కాదు. 1850లో ఫ్రాన్సుకు చెందిన బ్లాంకార్-ఎవ్రార్ కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమిన్ కాగితాన్ని తెచ్చాడు. సన్నని నిగనిగ, వెచ్చని గోధుమ ఛాయ దాని గుర్తులు. పంతొమ్మిదో శతాబ్దం చివర సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా వెలిగిన రాజా దీనదయాళ్ ప్రింట్లలో మనం చూసేది ఎక్కువగా ఈ కాగితాన్నే. ఇంగ్లండులో విలియం విల్లిస్ 1873లో పేటెంటు పొందిన ప్లాటినం పద్ధతి దీనికి ఎదురు దారి పట్టింది. అందులో పైపూత ఉండదు. లోహం నేరుగా కాగితపు పీచులోనే నిలుస్తుంది. నలుపు మరీ చిక్కగా రాదు, కానీ బూడిద ఛాయలు ఒకదాన్నుంచి ఒకటి ఎంతో మెత్తగా జారతాయి. ఫ్రెడరిక్ ఎవాన్స్ ఇంగ్లండు చర్చిల లోపలి వెలుగును పట్టింది ఈ కాగితం మీదే.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్లాటినం ధర అందకుండా పోయింది. ఆ తర్వాతి తరం అభిరుచి కూడా మారింది. 1932 నవంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో ‘గ్రూప్ ఎఫ్/64’ తన తొలి ప్రదర్శన పెట్టినప్పుడు ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ తదితరులు పదునైన వివరాన్ని, నునుపైన మెరుపు కాగితాన్ని ఎంచుకున్నారు. పెయింటింగును అనుకరించే మెత్తని మ్యాట్ ప్రింట్ల మీద అది తిరుగుబాటు. వెండిని జెలటిన్‌లో పట్టి ఉంచే ఆ మెరుపు కాగితాల్లో, జెలటిన్‌కూ కాగితానికీ మధ్య బేరియం సల్ఫేట్ పూత ఉండేది. బరైటా అన్న పేరు అక్కడిదే. ఇవాళ ఇంక్‌జెట్ కాగితాల దగ్గర వినిపించే మాటల్లో సగం ఈ పాత తగువుకు కొనసాగింపే. ఒకరు ప్లాటినం వారసత్వాన్ని, ఇంకొకరు వెండి ప్రింటు వారసత్వాన్ని కోరుకుంటున్నారు. ఈ సంగతి గుర్తుంటే వాదంలో వేడి కొంత తగ్గుతుంది.

## ఐరిస్ నుంచి పిగ్మెంటు దాకా

ఇంక్‌జెట్‌ను గ్యాలరీ గోడ ఎక్కించింది సంగీతకారుడు గ్రాహం నాష్, ఆయన సహచరుడు మ్యాక్ హోల్బర్ట్. 1991లో కాలిఫోర్నియాలోని మాన్‌హట్టన్ బీచ్‌లో వాళ్లు ‘నాష్ ఎడిషన్స్’ తెరిచారు. వాళ్లు వాడిన ఐరిస్ 3047 అచ్చుపనికి ముందు రంగుల నమూనాలు తీయడానికి చేసిన యంత్రం. దాని డ్రమ్ముకు ఆర్ష్ వంటి వాటర్‌కలర్ కాగితాన్ని చుట్టి ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. అప్పట్లో ఇంక్‌జెట్ కోసమంటూ కళా కాగితం లేదు. చిత్రకారుల కాగితమే దిక్కు. ‘ఫైన్ ఆర్ట్ ప్రింటు అంటే మ్యాట్ ప్రింటు’ అన్న భావన నాటుకోవడానికి ఈ మొదలే కారణం. నాష్ ఎడిషన్స్‌లో పనిచేసిన జాక్ డుగాన్ పెట్టిన ‘జిక్లే’ అన్న పేరు ఇప్పటికీ వ్యాపారంలో తిరుగుతోంది. కానీ ఆ తొలినాటి సిరాలు నీటిలో కరిగే రంగులు, అంటే డైలు. గోడ మీద కొద్ది ఏళ్లకే వెలిసేవి.

2000లో ఎప్సన్ తెచ్చిన స్టైలస్ ఫొటో 870, 1270 ప్రింటర్లు బల్ల మీది యంత్రంతోనే ల్యాబు స్థాయి ఫొటో తీయవచ్చని చూపాయి. అయితే కొన్ని ఇళ్లలో ఆ ప్రింట్లు కొద్ది వారాల్లోనే నారింజ రంగుకు తిరిగాయి. కారణం వెలుతురు కాదు, గాలిలోని ఓజోన్ అని తర్వాత తేలింది. సిరానూ కాగితపు పూతనూ విడివిడిగా కాక జంటగా చూడాలన్న పాఠం అక్కడ నేర్చుకున్నదే. అదే ఏడాది వచ్చిన, కరగని రంగు రేణువుల పిగ్మెంటు సిరా వాడే ప్రింటరు 2000పీ నిలకడలో మెరుగు, కానీ ఇంటి బల్బు కింద సరిగా ఉన్న ప్రింటు పగటి వెలుగులో పచ్చదనం తిరిగేది. 2002లో అల్ట్రాక్రోమ్, 2005లో మూడు నలుపుల కే3 సిరాలు వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది.

అప్పటికింకా మెరుపు కోరేవారికి దొరికేది ప్లాస్టిక్ పొరల ఆర్‌సీ కాగితమే. దాన్ని చేతిలోకి తీసుకుంటే కళాఖండం పట్టుకున్నట్టు అనిపించదు. 2006 నుంచి 2008 మధ్య క్రేన్ మ్యూజియో సిల్వర్ రాగ్, ఇల్‌ఫర్డ్ గోల్డ్ ఫైబర్ సిల్క్, హానెమ్యూలె ఫొటో రాగ్ బరైటా, ఎప్సన్ ఎగ్జిబిషన్ ఫైబర్ వరసగా బజారుకు వచ్చాయి. పీచు కాగితం, పైన వెండి ప్రింటును తలపించే నిగనిగ. చీకటిగదిలో పెరిగిన ఫొటోగ్రాఫర్లు ఇన్నాళ్లుగా ఎదురుచూసింది దీనికోసమే. మ్యాట్‌కు ఎదురులేని కాలం అక్కడితో ముగిసి, నేటి వాదం మొదలైంది.

## సిరా తాకేది పత్తిని కాదు

పక్షాల్లోకి వెళ్లే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఇంక్‌జెట్ కాగితంలో సిరాను పట్టుకునేది పీచు కాదు, దానిమీద పూసిన గ్రాహక పొర. మ్యాట్ కాగితాల్లో సిలికా రేణువులను బంధకంతో కలిపి పూస్తారు. మెరుపు, బరైటా కాగితాల్లో ఇంకా సన్నని సిలికా లేదా అల్యూమినా రేణువుల సూక్ష్మరంధ్రాల పొర ఉంటుంది. ఈ పూత లేని కాగితంపై సిరా పీచు వెంట పాకిపోతుంది; గీతలు చెదిరి, నలుపు బూడిదవుతుంది. మన దేశపు చేతికాగితం మీద నేరుగా ప్రింటు తీసినవారికి ఎదురయ్యే నిరాశ ఇదే. ఆ కాగితం చెడ్డది కాదు, దానికి పూత లేదు. ముందుగా విడిగా దొరికే గ్రాహక ద్రవాన్ని పూసుకుంటే ఫలితం ఎంతో మారుతుంది.

రంగుల విస్తృతి, నలుపు లోతు, ఆరే తీరు, గీతలు పడే గుణం ఈ పొర మీద నడుస్తాయి. నిలవలో కాగితపు ఒడలు పెళుసెక్కకుండా, పుల్లబడకుండా ఉండటం పీచు మీద నడుస్తుంది. ఎవరైనా ‘పత్తి కాగితం కాబట్టి రంగులు బాగా వచ్చాయి’ అంటే ఈ రెండింటినీ కలిపేస్తున్నారని అర్థం.

## మొదటి ప్రశ్న: పైతలం

మ్యాట్ పక్షం వాదం బలమైనదే. మ్యాట్ ప్రింటు ఏ కోణం నుంచి చూసినా కనబడుతుంది. ఎదుటి కిటికీ అందులో తేలదు. రంగు కాగితంలోంచే పుట్టినట్టు ఉంటుంది. ముఖచిత్రాలు, పొగమంచు, మట్టిగోడలు, పాత నేతచీరల వంటి మెత్తని విషయాలకు అది ఒదిగిపోతుంది. హానెమ్యూలె ఫొటో రాగ్, కాన్సన్ రాగ్ ఫొటోగ్రాఫిక్, మోఆబ్ ఎంట్రాడా ఈ పక్షపు ఆనవాళ్లు. కార్బన్ రేణువుల సిరాలను ఏడెనిమిది బూడిద ఛాయలుగా నింపి నలుపు-తెలుపు ప్రింట్లు తీసే పియెజోగ్రఫీ పద్ధతి పేరు తెచ్చుకుంది కూడా ప్రధానంగా మ్యాట్ కాగితం మీదే.

బరైటా పక్షం చేతిలో ఒక అంకె ఉంది. మంచి మ్యాట్ కాగితంపై గరిష్ఠ నలుపు సాంద్రత సుమారు 1.6 నుంచి 1.7, బరైటా మీద 2.3, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సాంద్రతను లాగరిథమ్‌లో కొలుస్తారు కాబట్టి తేడా పైకి కనిపించేదానికంటే పెద్దది. 1.6 అంటే నలుపు దాదాపు 2.5 శాతం వెలుగును వెనక్కు పంపుతుంది; 2.3 అంటే 0.5 శాతమే. రాత్రి వీధులు, నల్లరాతి శిల్పాలు, తుపాను మబ్బులు వంటి ఫొటోల్లో నీడలోపలి వివరం విడివిడిగా నిలవాలంటే ఈ తేడా పనికొస్తుంది.

రెండింటికీ ఖర్చుంది. మ్యాట్ తలం మీద పిగ్మెంటు పైపైనే కూచుంటుంది. గోరు తగిలినా, ఇంకో ప్రింటు అంచు రాసుకున్నా ముదురు చోట్ల తెల్లని గీత పడుతుంది. పత్తి కాగితంపై పీచుధూళి ఉంటే, సిరా పడ్డాక అది రాలి తెల్లచుక్కలు మిగులుతాయి. అందుకే తీసేముందు మెత్తని బ్రష్షుతో తుడవమంటారు. బరైటా మీద వేరే తలనొప్పి: పక్కనుంచి చూస్తే సిరా పడ్డచోట కంచు ఛాయ, సిరా పడని తెలుపు దగ్గర మెరుపులో తేడా. కొన్ని యంత్రాలు పారదర్శకమైన అదనపు పూత చల్లి దీన్ని సరిచేస్తాయి.

యంత్రాలు కూడా ఒకప్పుడు ఈ వాదాన్ని పెంచాయి. మ్యాట్‌కు ఒక నల్లసిరా, మెరుపు కాగితానికి మరో నల్లసిరా కావాలి. 2005 నాటి స్టైలస్ ప్రో 4800 వంటివాటిలో ఒకదాన్నుంచి ఒకదానికి మారాలంటే గొట్టాలు కడిగి బోలెడంత సిరా పారబోయాలి. దాంతో ఫొటోగ్రాఫర్లు ఒక పక్షంలోనే స్థిరపడిపోయారు. తమ యంత్రంలో ఉన్న నలుపును సమర్థించడానికి సిద్ధాంతాలు పుట్టాయి. 2020లో వచ్చిన ఎప్సన్ పీ900లో రెండు నలుపులకూ వేర్వేరు నాజిళ్లున్నాయి. ఇప్పుడు పక్షం కట్టాల్సిన అవసరమే లేదు.

ఈ ప్రశ్నలో ఎక్కువమంది మరిచేది అద్దం. మామూలు ఫ్రేము అద్దం తన రెండు తలాలతో కలిపి సుమారు 8 శాతం వెలుగును తిప్పికొడుతుంది. ఎదురుగా కిటికీయో తెల్లగోడో ఉంటే ఆ ప్రతిబింబం ముందు 2.5 శాతానికీ 0.5 శాతానికీ ఉన్న తేడా కొట్టుకుపోతుంది. పైగా అద్దం వెనక చేరాక మ్యాట్ తలం స్పర్శా అందదు. మామూలు అద్దం కింద, వెలుతురు అదుపులో లేని ముందుగదిలో పెట్టే ప్రింటుకు బరైటా మీద అదనంగా పెట్టిన డబ్బు చాలావరకు వృథా. దీపాన్ని పైనుంచి కోణంలో వేసిన గ్యాలరీలో, ప్రతిబింబం తగ్గించే అద్దం వెనక లేదా అసలు అద్దమే లేకుండా అయితే ఆ నలుపు కంటికి నిండుగా అందుతుంది.

మ్యాటూ బరైటా కాని మూడో దారి జపాను వాషి. తొకుషిమాలో అవగామి కాగితశాల కోజో వంటి పొడవు పీచులతో చేసిన సన్నని కాగితాలకు ఇంక్‌జెట్ పూత వేసి ఇస్తోంది. నలుపు లోతులో ఇది పోటీ పడదు. పీచు కనబడుతూ, వెలుగు లోపలికి చొరబడే తలం దీని సొత్తు. కొద్ది బొమ్మలకే నప్పుతుంది, కానీ నప్పినచోట మరేదీ దాని బదులు రాదు.

## రెండో ప్రశ్న: తెలుపు

నిజంగా డబ్బూ పరువూ పోయే ప్రశ్న ఇది. కాగితాన్ని తెల్లగా చూపడానికి తయారీదారులు ఆప్టికల్ బ్రైటనర్లు కలుపుతారు, వాడుకలో ఓబీఏలు. బట్టల సబ్బుపొడిలో ఉండే రసాయన కుటుంబమే ఇది. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాన్ని పీల్చి నీలి వెలుగుగా విడుస్తుంది. ఆ నీలం కాగితపు సహజ పసుపును కప్పేసి మెరిసే తెలుపునిస్తుంది. ఎల్*ఏ*బీ* రంగు కొలతలో పసుపు-నీలం అక్షం మీద ఓబీఏ లేని కాగితం సాధారణంగా +1 నుంచి +4 మధ్య నిలిస్తే, ఓబీఏలు దండిగా ఉన్నది −5 కంటే కిందికి జారుతుంది.

సమర్థించేవారు చెప్పేది ఇది: తెలుపు పెరిగితే కాంట్రాస్టు పెరుగుతుంది, మంచు, ఆకాశం, తెల్లచీర శుభ్రంగా కనబడతాయి, వెండి ప్రింటు కాలపు చల్లని తెలుపు తిరిగొస్తుంది. చీకటిగది కాగితాల్లో కూడా యాభై, అరవైల నుంచే బ్రైటనర్లు ఉన్నాయని, ఆ ప్రింట్లను ఎవరూ పారేయలేదని గుర్తుచేస్తారు.

వ్యతిరేకించేవారి మొదటి మాట, ఓబీఏలు వెలుతురుకు క్రమంగా పనిచేయడం మానేస్తాయి. అప్పుడు కాగితం పసుపెక్కినట్టు కనబడుతుంది. నిజానికి అది తన అసలు రంగుకు తిరిగివచ్చింది. మౌంటు కింద దాగిన అంచు తెల్లగానే ఉండిపోవడంతో, ఫ్రేము మార్చినరోజు రెండు తెలుపులు పక్కపక్కనే బయటపడతాయి. రెండో మాట ఇంకా బలమైనది: అతినీలలోహితం అందకపోతే ఓబీఏ మొదటిరోజే పనిచేయదు. యూవీ అద్దం దాన్ని ఆపేస్తుంది. ఇప్పుడు ఇళ్లలో, గ్యాలరీల్లో నిండిపోయిన మామూలు ఎల్ఈడీ దీపాల్లో అతినీలలోహితం దాదాపు ఉండదు. అంటే దుకాణంలో పగటి వెలుగులో చూసి మురిసి కొన్న తెలుపు, ఇంట్లో ఎల్ఈడీ కింద చాలావరకు కనబడదు.

కొలతల లోకం కూడా దీన్ని ఒప్పుకుంది. ఐఎస్ఓ 13655 ప్రమాణం 2009 నుంచి కాగితాన్ని వేర్వేరు వెలుగుల్లో కొలిచే పద్ధతులను విడదీసింది: అతినీలలోహితం కలిసిన పగటి వెలుగుతో ఎమ్1, దాన్ని వడకట్టి ఎమ్2. ఈ రెండు కొలతల్లో ఒకే కాగితం వేరుగా వస్తే అందులో ఓబీఏలున్నట్టే. కొలమానం లేనివారికి యూవీ టార్చి చాలు. చీకటిలో కాగితం నీలంగా వెలిగితే ఉన్నట్టు, వెలగకుండా ఉండిపోతే లేనట్టు.

ఇక్కడ తీర్పు చెప్పక తప్పదు. పోటీకి, ఆల్బమ్‌కు, కొద్దినెలల ప్రదర్శనకు తీసే ప్రింటుకు ఓబీఏ కాగితం వాడితే తప్పేమీ లేదు. డబ్బు తీసుకుని, సంతకం చేసి, తరువాతి తరానికి అందుతుందని నమ్మించి ఇచ్చే ప్రింటుకు వాడకూడదు. దారి లేదనడానికీ వీల్లేదు. కాన్సన్ ప్లాటిన్ ఫైబర్ రాగ్ ఓబీఏ లేకుండానే మెరుపు కాగితపు నలుపు ఇస్తోంది. మోఆబ్ సంస్థ ఎంట్రాడాను ఓబీఏ ఉన్న ‘బ్రైట్’గా, లేని ‘నేచురల్’గా రెండు రకాలూ అమ్ముతోంది. తెలిసి ఎంచుకునే వీలు ఇవ్వడమే తయారీదారు చేయగల మర్యాద.

## మూడో ప్రశ్న: పీచు, బరువు

పత్తిలో లిగ్నిన్ ఉండదు. పీచు పొడవు, గట్టి. కలపలోని లిగ్నిన్ కాగితాన్ని పసుపెక్కించి పెళుసుబారుస్తుందన్నది వార్తాపత్రికలు దాచినవారందరికీ తెలిసిందే. కానీ ఆల్ఫా సెల్యులోజ్ అంటే లిగ్నిన్ తీసేసిన కలప గుజ్జు. శాశ్వత కాగితానికి ప్రమాణమైన ఐఎస్ఓ 9706 పీచు పేరు అడగదు: పీహెచ్ 7.5 నుంచి 10 మధ్య ఉండాలి, ఆమ్లాన్ని తట్టుకునేందుకు సుమారు 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షార నిల్వ ఉండాలి, తేలిగ్గా ఆక్సీకరణ చెందే పదార్థం పరిమితిలో ఉండాలి, చిరుగుకు తట్టుకోవాలి. మంచి ఆల్ఫా సెల్యులోజ్ ఈ పరీక్ష నెగ్గుతుంది. పైగా ఈ ప్రమాణం దస్తావేజుల కాగితం కోసం రాసింది; ఇంక్‌జెట్ పూత సంగతి అందులో లేదు.

పత్తి పక్షానికి చరిత్ర ఇచ్చే గౌరవం ఉంది. హానెమ్యూలె మిల్లు 1584 నాటిది. కాన్సన్ 1557 దాకా తన మూలాలు చెప్పుకుంటుంది. 1783లో వేడిగాలి బెలూను ఎగరేసిన మోంగోల్ఫియే సోదరులు ఆ కాగితపు కుటుంబంవారే. ఆ గౌరవం నిజమైనదే, కానీ దాన్ని కొలతగా వాడకూడదు. పత్తి కాగితం చేతికి ఇచ్చే మెత్తదనం, చింపిన అంచు అందం, మడతకు ఓర్చుకునే గుణం అద్దం లేకుండా చేతుల్లో తిరిగే ప్రింటుకు, పోర్ట్‌ఫోలియోకు విలువైనవి. ఫ్రేములో బిగించాక వాటి వంతు తక్కువ.

వెదురు, హెంప్, కిత్తనార కాగితాలు ఈ ప్రశ్నలో కొత్త శాఖ. హానెమ్యూలె వెదురు కాగితంలో 90 శాతం వెదురు, మిగిలింది పత్తి. హెంప్‌లో 60 శాతం, కిత్తనారలో 70 శాతం ఆ పీచులు. పత్తి సాగుకు పట్టే నీళ్లు, పురుగుమందుల లెక్క చూస్తే ఈ వెతుకులాట సరైనదే. పత్తి పండించే జిల్లాల బతుకు ఎరిగిన తెలుగు పాఠకులకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే ఇంక్‌జెట్‌కు వాడే పత్తిలో విత్తనాన్ని అంటి మిగిలిపోయే పొట్టి నూగు కూడా ఉంటుంది. దాన్ని ప్రధాన పంటగా లెక్కించాలా, ఉపఫలంగానా అన్నదాన్ని బట్టి పర్యావరణ లెక్కే మారిపోతుంది.

బరువు గురించి ఒక్క మాట చాలు. ఫొటో రాగ్ 188, 308, 500 జీఎస్ఎమ్‌లలో దొరుకుతుంది. బరువు మారితే ముడత పడకుండా చదునుగా నిలిచే గుణం మారుతుంది, బొమ్మ మారదు.

## నాలుగో ప్రశ్న: ఎన్నేళ్లు

‘వందేళ్లు’ అన్న అంకె వెనక రెండు ఊహలుంటాయి: గోడ మీద ఎంత వెలుతురు పడుతుంది, ఎంత రంగు పోతే పోయినట్టు లెక్క. అమెరికాలో అయోవా రాష్ట్రపు గ్రినెల్‌లో పరీక్షాశాల నడిపిన హెన్రీ విల్‌హెల్మ్ రోజుకు 12 గంటలు 450 లక్సుల వెలుతురును ప్రమాణంగా తీసుకున్నాడు. 1993లో వచ్చిన ఆయన గ్రంథం ఈ రంగానికి పునాది. కొడాక్ మాత్రం ఇళ్లలో అంత వెలుతురు ఉండదంటూ 120 లక్సులతో లెక్కకట్టింది. ఒకే ప్రింటుకు కొడాక్ లెక్కలో వందేళ్లు వస్తే విల్‌హెల్మ్ లెక్కలో 27 ఏళ్లకు మించవు. ఇద్దరిదీ అబద్ధం కాదు. కొనేవాడికి మాత్రం అంకె ఒక్కటే చేరింది, ఊహలు చేరలేదు.

మసాచుసెట్స్‌లో మార్క్ మెక్‌కార్మిక్-గుడ్‌హార్ట్ నడిపిన ఆర్డెన్‌బర్గ్ సంస్థ ఏళ్లను వదిలేసి, ప్రింటుపై మొత్తం పడిన వెలుతురును మెగాలక్స్-గంటల్లో చెప్పడం మొదలుపెట్టింది. రంగులతోపాటు కాగితపు తెలుపు మారడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. చూసేవారు తమ గది వెలుతురును బట్టి ఏళ్లు తామే లెక్కేసుకోవచ్చు: 450 లక్సులు, 12 గంటల చొప్పున ఏడాదికి సుమారు 2 మెగాలక్స్-గంటలు. ఇది నిజాయితీ గల పద్ధతి. కానీ ‘వందేళ్లు’ అన్నంత సులువుగా పెట్టె మీద అచ్చుకు రాదు.

రెండు పద్ధతుల నుంచీ తేలిన ఉమ్మడి సత్యం ఒకటి. ఆయుష్షు సిరాది కాదు, కాగితానిది కాదు, ఆ జంటది. ఒక కాగితాన్ని విడిగా పట్టుకుని ‘వందేళ్లు నిలుస్తుంది’ అనడానికి అర్థం లేదు.

## మన గాలిలో

ఈ పరీక్షలు ఎక్కువగా వెలుతురు చుట్టూ తిరుగుతాయి. కోస్తాలో ప్రింటుకు పెద్ద శత్రువు తేమ. విశాఖలో, కాకినాడలో వానాకాలం నెలల తరబడి గాలి చెమ్మగానే ఉంటుంది. డై సిరా అధిక తేమలో పూత లోపలే పక్కలకు పాకుతుంది. పిగ్మెంటు రేణువులు కదలవు. అందువల్ల మన వాతావరణంలో డై, పిగ్మెంటు మధ్య ఎంపిక కాగితం కంటే ముందు తేల్చుకోవలసింది. సాధారణంగా కాగితాన్ని 40 నుంచి 60 శాతం తేమలో నిలవ చేయమంటారు. తెరిచిన పెట్టెను వాడిన వెంటనే సంచిలో మూసి పెట్టడం అందుకే. తేమ పీల్చిన కాగితం అలలు తేలి ప్రింట్ హెడ్‌కు రాసుకుంటుంది. ప్రింటు తీశాక కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. సిరాలోని గ్లైకాల్ వంటి ద్రావకాలు నెమ్మదిగా ఆవిరవుతాయి. తొందరపడి బిగిస్తే అద్దం లోపలివైపు మసక పొర కడుతుంది. ప్రింటుకూ అద్దానికీ మధ్య మౌంటు ఎడం, ఫ్రేముకూ చెమ్మగోడకూ మధ్య గాలి ఆడే సందు ఉంటే బూజు బెడద తగ్గుతుంది.

## కాగితం కంటే ప్రొఫైలు ముఖ్యమా?

ఈ పక్షాలన్నిటికీ దూరంగా ఇంకో పక్షం ఉంది. కాగితం పేరు కంటే దాని రంగుల తీరు చెప్పే సరైన ఐసీసీ ప్రొఫైలు, అదుపులో ఉన్న మానిటరు, తెర మీది సాఫ్ట్ ప్రూఫ్ చూసి చేసిన సవరణ ముఖ్యమంటారు వీళ్లు. మ్యాట్ కాగితం మీద నలుపు బలహీనమన్న ఫిర్యాదుల్లో చాలావరకు మెరుపు కాగితం కోసం దిద్దిన ఫైలునే మ్యాట్‌కు పంపడం వల్ల వచ్చినవి. నీడలను కొద్దిగా పైకెత్తి, మధ్య ఛాయల కాంట్రాస్టు పెంచి పంపితే అదే కాగితం వేరుగా పలుకుతుంది. ఈ వాదానికి ఎక్కువ విలువ దక్కాలి. పది రకాల కాగితాల మీద ఒక్కో ప్రింటు తీసినవారికంటే ఒకే కాగితం మీద ఓపికగా పదిసార్లు దిద్దినవారి ప్రింటే బాగుంటుంది.

## ఇంకా తేలనివి

గ్రాహక పొరల దీర్ఘకాల ప్రవర్తన మొదటిది. పత్తి కాగితం శతాబ్దాలు నిలుస్తుందనడానికి పుస్తకాలు సాక్ష్యం. దాని మీది సిలికా పూతకు ముప్పై ఏళ్ల చరిత్రే ఉంది. 1970ల తొలి ఆర్‌సీ కాగితాలు కొన్నేళ్లకే పగుళ్లు చూపాయి. వేగవంతమైన పరీక్షల్లో కనబడనిది కాలంలో బయటపడుతుందనడానికి అది చాలు. రెండోది, వెలుతురు, ఓజోన్, తేమ ఒక్కొక్కటిగా కొలుస్తున్నాం. ఇంట్లో అవి మూడూ ఒకేసారి పనిచేస్తాయి. మూడోది, కాగితాల తయారీ నిలకడ. ఇల్‌ఫర్డ్ స్విట్జర్లాండు సంస్థ 2013 చివర దివాలా తీసినప్పుడు గోల్డ్ ఫైబర్ సిల్క్ మీద ఎడిషన్లు మొదలుపెట్టినవారు మధ్యలో ఆగిపోయారు. పేరు అదే ఉండి లోపలి పూత మారితే కొనేవారికి తెలిసే దారి ఇప్పటికీ లేదు.

ఇవి తేలేదాకా ఆగనక్కర్లేదు. ఓబీఏ లేని మ్యాట్ ఒకటి, ఓబీఏ లేని బరైటా తరహా కాగితం ఒకటి, పిగ్మెంటు సిరా: ఫొటోగ్రాఫరు పనిలో అధిక భాగానికి ఇవి చాలు. ఆ రెండు కాగితాలనూ క్షుణ్ణంగా నేర్చుకున్నాకే మూడోదాని వైపు చూడటం మంచిది.

హైదరాబాదు, విజయవాడ, విశాఖ ల్యాబుల వారికీ, ప్రదర్శనలు పెట్టే నిర్వాహకులకూ, ప్రింట్లు అమ్మే ఫొటోగ్రాఫర్లకూ ఒక విన్నపం. ప్రతి ప్రింటు వెనక మెత్తని పెన్సిలుతో నాలుగు సంగతులు రాయండి: కాగితం పూర్తి పేరు, అందులో ఓబీఏ ఉందా లేదా, సిరా రకం, ప్రింటు తీసిన సంవత్సరం. కొనేవారు ‘ఆర్కైవల్ ప్రింటేనా?’ అని అడగడం మాని ఈ నాలుగూ అడగాలి.